ఇనపరాజుకి అన్నం పెట్టిన వారం

సారాకి ఎవర్నీ ఊరికే నమ్మే అలవాటు లేదు. గ్యాస్ బండ తెచ్చినవాడి ఎదురుగానే దాన్ని ఒంటి చేత్తో కదిపి చూస్తుంది. కొలతకిచ్చిన జాకెట్టుని తిరగేసి లోపలి కుట్లు చూస్తుంది. లావెక్కిన ఆడవాళ్లు సన్నగా ఉన్నప్పటి జాకెట్టే కొలతకి తెచ్చి, తర్వాత బిగుతైందని కుట్టినవాళ్ల మీద పడతారని ఆమెకి తెలుసు. అలాంటి మనిషి గుమ్మం ముందు ఎవరో పరాయి అమ్మాయి స్కూటీ ఆపి, హెల్మెట్టు తీసి, "అక్కా, మీ పెళ్లి క్యాసెట్టు ఒకసారి ఇస్తారా?" అంటే ఏమనుకుంటుంది?

మిషను తొక్కడం ఆపింది గానీ గుడ్డ మీంచి చెయ్యి తియ్యలేదు. "మా పెళ్లితో నీకేం పనమ్మా?"

"నా పేరు కావేరండి. తెనాల్లో యలమంద వీడియోస్ అని ఉండేది చూడండి, ఆయన కూతుర్ని. మీ పెళ్లి తీసింది మా నాన్నేనంట."

"తీస్తే తీశాడు. ఇన్నేళ్లకి ఇప్పుడెందుకు?"

కావేరి మెట్టు మీద కూర్చుని మంచినీళ్లడిగింది. నీళ్లు తాగి ఓపిగ్గా చెప్పింది. వాళ్ల నాన్న యలమంద పెళ్లిళ్ల వీడియోలు తీస్తూ తీస్తూ ఒకప్పుడు సొంతంగా ఒక సీరియల్ తీశాడు. పేరు 'శూన్యలోకంలో కెప్టెన్ మార్తాండ్'. తెనాలి కేబుల్లో ఆదివారం ఆదివారం వచ్చేది. వారం వారం మార్తాండ్ ఏదో ఒక గ్రహం మీద చావుకి దగ్గరగా వెళ్లేవాడు, పై వారానికి బతికేవాడు. కొత్త క్యాసెట్టు కొనే స్తోమత యలమందకి ఉండేది కాదు. అందుకని ప్రసారమైపోయిన సీరియల్ క్యాసెట్ల మీదే పెళ్లిళ్లు ఎక్కించి జనానికి ఇచ్చేశాడు. ఇప్పుడు ఆ సీరియల్ ముక్కలు ఎక్కడన్నా ఉన్నాయంటే జనం పెళ్లి క్యాసెట్ల చివర ఉన్నాయి.

"పెళ్లి అయిపోయిన చోట సీరియల్ మొదలవుద్దండి. మొన్న అడవులదీవిలో ఒకళ్ల క్యాసెట్టులో అప్పగింతలయ్యాయి, ఆడపిల్ల ఏడుస్తా కారెక్కింది, వెంటనే రాకెట్టు లేచింది."

సారాకి నవ్వొచ్చింది గానీ బయటపడలేదు. ఫోన్లలో ముఖాలు మార్చేస్తున్నారని, ఒకళ్ల తల ఇంకొకళ్లకి అతికిస్తున్నారని కూతురు రూబీ చెప్పి ఉంది. పెళ్లికూతురుగా తను ఎంత సన్నగా ఉండేదో తలుచుకుంది. ఆ ముఖం ఎవరి చేతిలో పడుతుందో ఏమో. ఇవ్వనని చెప్పడానికి నోరు తెరిచేలోపే ఇంటి పక్క రేకుల షెడ్డులోంచి కోటయ్య వచ్చాడు.

కోటయ్య సారా భర్త. పెళ్లిళ్లకీ చర్చి పండగలకీ మైకు సెట్టు, లైట్లు అద్దెకిస్తాడు. మెడలో బల్బుల తోరణం, చేతిలో టెస్టరు, ముఖం నిండా వెలుగు. షెడ్డులోంచి అంతా విన్నాడు.

"మార్తాండ్ సీరియలా? అమ్మాయ్, అందులో ఇనపరాజు ఎవరనుకున్నావ్? నేనే!"

కావేరి ముఖం ఒక్క క్షణం అయోమయంగా మారింది. "ఇనపరాజంటే... రోబో కదా బాబాయ్? టైటిల్స్‌లో హనుమంతరావు గారని ఉందే. కెప్టెన్ మార్తాండ్ వేసిన బసవేశ్వరరావు గారి బావమరిది."

"టైటిల్స్ రాసినోళ్లకేం తెలుసు. లోపలున్నోడికి తెలుసుద్ది."

సారా తలొంచుకుని మిషను తొక్కింది. ఈ కథ ఆమెకి కంఠతా వచ్చు. రాకెట్టంటే వెండి కాగితం చుట్టిన వడ్ల గాదె. శుక్రగ్రహం అంటే బాపట్ల దగ్గర సూర్యలంక ఇసక. గ్రహాధిపతి నెత్తిన తెనాలి నాటకాల డ్రెస్ కంపెనీ నుంచి అద్దెకి తెచ్చిన రావణాసురుడి కిరీటం, దానికి పైన టీవీ యాంటెన్నా. లేజరు తుపాకీ అంటే ఎర్ర జిలుగు కాగితం అంటించిన టార్చిలైటు. యలమంద దగ్గరున్న మిక్సింగు మిషన్లో పెళ్లిళ్ల ఎఫెక్టులు తప్ప ఇంకేం ఉండేవి కావు కాబట్టి గ్రహం పేలిపోయినప్పుడు తెర మీద తామరపువ్వు విచ్చుకునేది, మార్తాండ్ ముఖం హృదయాకారంలో కనపడేది. ఇదంతా కోటయ్య చేతులూపుతూ చెబుతుంటే వాడలో పిల్లలు అన్నాలు మానేసి వినేవాళ్లు. అప్పట్లో వాడలో కేబుల్ లేదు. సీరియల్ని కళ్లతో చూసినవాళ్లూ లేరు.

రాకెట్టుని సారా నమ్మింది. కిరీటాన్నీ నమ్మింది. ఆమెకి మింగుడు పడనిది ఒక్కటే ముక్క. "బసవేశ్వరరావు గారి నట్టింట్లో, భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టి, వాళ్లమ్మ రంగమ్మ గారు తన చేత్తో నాకు ముద్దలు పెట్టింది" అంటాడు కోటయ్య. సారా పుట్టింది సంగం జాగర్లమూడిలో. ఆ ఇల్లు ఆమెకి తెలుసు. ఆమె తల్లి ఆ ఇంటివాళ్ల పొలంలో ఏళ్ల తరబడి నాట్లేసింది. దాహమైతే పెరటి గోడ పక్కన దోసిలి పడితే పైనుంచి పోసేవాళ్లు. గేటు తియ్యకముందే ఎవరి తాలూకని అడిగే ఇల్లది. అలాంటి ఇంట్లో, డబ్బాలో ఎవరున్నారో చూసుకోకుండా నట్టింట్లోకి రానిస్తారా? "లోపల నువ్వని వాళ్లకి తెలుసా?" అని పెళ్లైన కొత్తలో ఒకసారి అడిగింది. "అదంతా నీకెందుకే, ముద్ద తిన్నానా లేదా" అని దాటేశాడు. మాట దాటేసినవాడు అబద్ధమాడుతున్నాడని ఆమె లెక్క. ఆ ముద్ద అబద్ధమైతే మిగతాదీ అబద్ధమే.

కోటయ్యే ట్రంకు పెట్టె తీసి, పట్టుచీర కిందున్న క్యాసెట్టు తెచ్చి కావేరి చేతిలో పెట్టాడు. వాళ్లింట్లో వీసీఆర్ ఎప్పుడూ లేదు. పెళ్లైన కొత్తలో యలమంద స్టూడియోలో ఒక్కసారి చూశారు, అదీ అక్షింతల దాకానే.

"ఈ ఆదివారం మధ్యాహ్నం తెనాల్లో షో వేస్తున్నాం బాబాయ్. వేషాలేసిన వాళ్లందర్నీ స్టేజీ మీదికి పిలుస్తాం. బసవేశ్వరరావు గారు శాలువాలు కప్పుతారు. నేనాయన్ని అడిగి నీ పేరు కూడా..."

"రాయమ్మా, కోటయ్య, రేపల్లె అని రాయి" అన్నాడు. మెడలో బల్బుల తోరణం ఉందన్న సంగతే మర్చిపోయాడు.

సాయంత్రానికి వాడంతా తెలిసింది. మర్నాడు పొద్దున్నే పాస్టరు గారు మైకు సెట్టు పని మీద వచ్చి, చర్చి అయ్యాక అందరం రైల్లో వెళ్దామని చెప్పి వెళ్లాడు. బాపట్ల నుంచి రూబీ ఫోన్. "అమ్మా, మా మామయ్య గారు వాళ్లు కూడా వస్తామన్నారు. నాన్నని స్టేజీ మీద చూడాలంట." రూబీ మామగారు డేనియల్ మాస్టారు రిటైరైన హెడ్మాస్టరు. పెళ్లిలో కోటయ్య కథ విని, కళ్లజోడు పైనుంచి చూసి, "ఊహూ" అని ఊరుకున్న మనిషి.

ఫోన్ పెట్టేశాక సారాకి భయమేసింది. ఇంట్లో, వాడలో చెప్పుకుంటే అది కథ. వెయ్యిమంది ముందు స్టేజీ ఎక్కబోతే, నువ్వెవరివయ్యా అని ఎవడన్నా అడిగితే? పిల్ల అత్తగారి వైపు వాళ్లు ముందు వరసలో కూర్చుని చూస్తుంటే? కోటయ్య ఆ పూట తెల్లచొక్కా తీసి గంజి పెట్టుకుంటున్నాడు. గంజి ఎక్కువైందని మళ్లీ జాడించాడు. ఆ చొక్కా వంక చూస్తే ఆమెకి ఏడుపొచ్చింది.

*

గురువారం లైనింగు గుడ్డ కొనడానికి తెనాలి వెళ్తున్నానని చెప్పి రైలెక్కింది. తెనాల్లో దిగి బండి మారి సంగం జాగర్లమూడి చేరింది. పుట్టింటి వైపు వెళ్లలేదు. కాలవ గట్టు మీదుగా నేరుగా ఆ ఇంటికి నడిచింది.

గేటు తీసే ఉంది. వరండాలో బసవేశ్వరరావు ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు. జుట్టుకి రంగేసుకున్నా ముఖంలో ఆనాటి కెప్టెన్ ఎక్కడో మిగిలే ఉన్నాడు. వరండా మూల ఇనపరాజు నిలబడి ఉన్నాడు. తళతళలాడే రేకు, గొట్టాల చేతులు, ఛాతీ మీద బల్బులు, నోటి చోట వెడల్పైన చీలిక, కళ్ల చోట ఎర్రగాజు.

ఆయన ఫోన్ అయ్యేదాకా సారా నిలబడే ఉంది. ఊరికే ఎందుకని దగ్గరికెళ్లి రేకు భుజం మీద జాన పెట్టి కొలిచింది. ఈ చివర నుంచి ఆ చివరకి. మళ్లీ కొలిచింది. పొట్ట పెరుగుద్ది, నడుము పెరుగుద్ది, వయసొస్తే మెడా ముడతలు పడుద్ది గానీ, భుజం ఎముక పెరగదు. పెళ్లికి కోటయ్య చొక్కా కుట్టించినప్పటి భుజం కొలత ఆమెకిప్పటికీ గుర్తే. ఈ రేకులో ఆ భుజాలు పట్టవు. పక్కకి తిప్పి తోసినా పట్టవు.

అంటే అబద్ధమే. ఇన్నాళ్లూ అనుమానం, ఇప్పుడు రూఢి. అనుమానం ఉన్నప్పుడే హాయిగా ఉండేదని ఆమెకి అప్పుడనిపించింది.

"ఎవరమ్మా నువ్వు?" బసవేశ్వరరావు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"నేనండి, ఇక్కడి పేటలో మార్తమ్మ కూతుర్ని. ఇప్పుడు రేపల్లెలో ఉంటామండి. మా ఆయన పేరు కోటయ్య..."

"యలమంద దగ్గర లైట్లు పట్టినవాడు. అవును. ఏంటి సంగతి?"

అంత తొందరగా గుర్తొచ్చిందేంటా అని ఆమెకి చిన్న అనుమానం తగిలింది. ఇన్నేళ్ల కిందట లైటు పట్టుకున్న కుర్రాడి పేరు! కానీ రైల్లో కూడబలుక్కుని వచ్చిన మాటలు అప్పటికే నోట్లోకి వచ్చేశాయి.

"ఆదివారం షోలో పేరు పిలుస్తారని ఆయన ఆశ పడుతున్నాడండి. ఇనపరాజు నేనేనని ఏవేవో చెప్తాడు, చిన్నప్పట్నించీ అదో సరదా. ఆ మాటలు పట్టించుకోకండి బాబు గారూ. స్టేజీ ఎక్కనిచ్చి తర్వాత నవ్వులపాలు చెయ్యకండి. పిల్ల అత్తగారి వాళ్లొస్తున్నారు."

బసవేశ్వరరావు చేతికున్న గడియారం గొలుసు వదులుచేసి మళ్లీ బిగించుకున్నాడు. తర్వాత నిండుగా ఊపిరి వదిలాడు.

"మంచి పని చేశావమ్మా. కావేరి నన్నడిగితే ఏం చెప్పాలా అని నేనూ చూస్తున్నా. అందులో ఉంది మా హనుమంతరావు. ఊరందరికీ తెలిసిందే. కోటయ్యది మంచి మనసులే, ఏదో ఊహించుకుని ఉంటాడు."

లోపల్నించి వణికే గొంతు వినపడింది. "ఎవర్రా బసవా?" గుమ్మం అవతల చక్రాల కుర్చీలో రంగమ్మ. తల ముగ్గుబుట్టైనా చూపు గట్టిగానే ఉంది.

"ఎవరో లేమ్మా, మన పొలంలో చేసిన మార్తమ్మ కూతురు."

"అన్నం తిని వెళ్లమను."

"వెళ్లాలంటలే" అన్నాడు కొడుకు, సారా ఏమీ అనకముందే. కాగితం కప్పులో కాఫీ మాత్రం వచ్చింది. వరండా మెట్టు మీదే తాగింది. ఆయన గేటు దాకా వచ్చి సాగనంపాడు. అంత మర్యాద ఆ ఇంట్లో తన తల్లికి ఏనాడూ జరగలేదు. ఆ మర్యాద ఎందుకో తిరుగుప్రయాణంలో రైలు పెట్టెలో కూర్చుని ఆలోచించబోయి, తెనాల్లో లైనింగు గుడ్డ కొనాలని గుర్తొచ్చి మానేసింది.

ఇంటికొచ్చాక కోటయ్య చొక్కా ఇస్త్రీ చేసి చూపించాడు. "భుజాల దగ్గర బాగా కూర్చుంది కదే?"

"కూర్చుంది" అంది సారా.

*

ఆదివారం కల్యాణ మండపం నిండిపోయింది. నడివయసు మగాళ్లు పిల్లల్లాగా ఒకళ్లనొకళ్లు తోసుకుంటున్నారు. చిన్నప్పుడు ఆదివారం ఆదివారం ఎవరింట్లోనో నేల మీద కూర్చుని చూసినవాళ్లంతా వచ్చారు. రేపల్లె నుంచి వచ్చిన చర్చి జనం వెనక వరసల్లో సర్దుకున్నారు. డేనియల్ మాస్టారు వరస చివర కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. కోటయ్య మాత్రం అదే వరసకి రెండో చివర, స్టేజీకి తొందరగా వెళ్లడానికి వీలుగా కూర్చున్నాడు.

గుమ్మం దగ్గర ఇనపరాజుని నిలబెట్టారు. జనం దాని పక్కన ఫోటోలు దిగుతున్నారు. సారా దాన్ని దాటి వస్తుంటే కావేరి ఎదురైంది. "మీ క్యాసెట్టులోదే అక్కా ఇవాళ స్పెషల్. ఇనపరాజు భూలోకం వచ్చే వారం. అది ఎక్కడా దొరకలేదు, మీ దాంట్లో ఉంది."

"ఈ రేకు అప్పటిదేనా?" ఎందుకడిగిందో ఆమెకే తెలీదు.

"అయ్యో కాదక్కా. పాతది సూర్యలంక ఉప్పుగాలికి అప్పుడే తుప్పుపట్టి రాలిపోయింది. ఇది బసవేశ్వరరావు గారు పోయిన నెలలో చేయించారు. హనుమంతరావు గారి కొలతలకి."

సారా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. వెనకనుంచి జనం తోశారు. వచ్చి కోటయ్య పక్క కుర్చీలో కూర్చుంది. కుర్చీ వేడిగా ఉన్నట్టు అటూ ఇటూ కదిలింది. ఇంకొకరి భుజాలకి కుట్టిన జాకెట్టు పట్టుకుని తన మొగుణ్ణి కొలిచింది. ఎంతమంది ఆడవాళ్లని తిట్టి ఉంటుంది తను, తప్పుడు కొలతలు తెచ్చారని!

పేర్లు పిలవడం మొదలుపెట్టారు. మైకు బసవేశ్వరరావు చేతిలోనే ఉంది. గ్రహాధిపతి వేసిన ముసలాయన కర్ర సాయంతో ఎక్కాడు. శుక్రరాణి వేసినావిడ మనవడితో ఎక్కింది. "ఇక, మన ఇనపరాజు..." అనగానే హాలంతా ఈలలు. కోటయ్య సగం లేచాడు. చొక్కా కిందకి లాక్కున్నాడు. "హనుమంతరావు!" అన్నాడు బసవేశ్వరరావు. బాపట్ల నుంచి వచ్చిన సన్నటి మనిషొకడు మోకాళ్లు పట్టుకుంటూ మెట్లెక్కి, శాలువా కప్పించుకుని, తల వంచుకునే దిగిపోయాడు. కోటయ్య ఎంత మెల్లగా లేచాడో అంత మెల్లగా కూర్చున్నాడు. వెనక వరసల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. డేనియల్ మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"పేరు రాసుకుందిగా ఆ అమ్మాయి" అన్నాడు కోటయ్య, సారా వైపు చూడకుండా. "మర్చిపోయి ఉంటారు."

లైట్లు ఆర్పారు.

తెర మీద ముందు వాళ్ల పెళ్లే వచ్చింది. సన్నటి సారా, సన్నటి కోటయ్య, నెత్తి మీద అక్షింతలు. హాల్లో చప్పట్లు. చారలు చారలుగా బొమ్మ వణికింది, తామరపువ్వు విచ్చుకుంది, గొంతు చించుకుంటూ ఒక కంఠం అడిగింది, 'శుక్రగ్రహపు కారాగారం నుంచి తప్పించుకున్న మార్తాండ్, ఇనపరాజు భూలోకం చేరగలిగారా?' చేరారు. వెండి కాగితపు గాదె పెరట్లో దిగింది, పొగలోంచి ఒక కోడి పరిగెత్తింది. హాలు పగలబడి నవ్వింది. మార్తాండ్ తన రోబో మిత్రుణ్ణి ఇంటికి తీసుకొచ్చాడు. నట్టిల్లు. పొడుగాటి బల్ల. మార్తాండ్ తల్లిగా రంగమ్మే కనపడింది, నిండైన మనిషి, పెద్ద బొట్టు. 'ఎంత దూరం నుంచి వచ్చావో నాయనా' అంటూ ఇనపరాజుకి కంచం పెట్టింది. గొట్టాల చేతులు నోటిదాకా వంగవు కాబట్టి తనే పప్పన్నం కలిపి ముద్ద చేసింది.

ఇనపరాజు ఆ ముద్దకి అడ్డంగా రేకు చెయ్యి పెట్టాడు. మెడ వంగదు. అందుకని నడుము దగ్గర నుంచి మొత్తం డబ్బా ముందుకి వంచాడు. వంగి ఉండిపోయాడు. రంగమ్మ ముద్ద గాల్లో పట్టుకుని అయోమయంగా చూసింది, కెమెరా వైపు చూసి నవ్వాపుకుంది. డబ్బా లేవదు. హాల్లో జనం నవ్వుతున్నారు, రోబో పాడైపోయిందని ఎవరో అరిచారు. ఇంకా లేవదు. ఛాతీ మీద బల్బు వెలుగుతోంది, ఆరుతోంది. బల్ల కింద రేకు పాదం ఒకటి నేల మీద తడుతోంది, టక్కు టక్కుమని.

సారాకి నవ్వు రాలేదు. కంచం ముందు కూర్చుని కోటయ్య చేసే ప్రార్థన అంత పొడుగు. వాళ్లమ్మ నేర్పిన ప్రార్థన, ఒక్క మాటా వదలడు, కూర చల్లారిపోయినా వదలడు, కాలు మాత్రం అలా తడుతూ ఉంటుంది. పెళ్లైన వారంలోనే ఆమెకి ఓపిక నశించి, ఎక్కడ ముగించొచ్చో కనిపెట్టి, తనే ఆమెన్ చెప్పడం మొదలుపెట్టింది. ఆ చీకట్లో ఆమె ప్రమేయం లేకుండానే నోరు కదిలింది.

"ఆమెన్."

తెర మీద డబ్బా లేచింది. నోటి చీలిక రంగమ్మ వైపు తిరిగింది. ఆమె ముద్ద పెట్టింది.

సారా పక్కకి చూసింది. కోటయ్య తెర వంక చూడడం లేదు. తన చేతుల వంక చూసుకుంటున్నాడు.

ఆ భాగం అయిపోయి లైట్లు వెలిగాయి. రెండో ముక్క పెట్టేలోపు బసవేశ్వరరావు మైకు తీసుకున్నాడు. సారా లేచి నిలబడింది. సభలో ఏనాడూ నోరెత్తి ఎరగదు.

"బాబు గారూ! అది మా ఆయనండి. ఆ డబ్బాలో ఉంది కోటయ్య!"

తలలన్నీ వెనక్కి తిరిగాయి. బసవేశ్వరరావు కళ్లు చికిలించి చూశాడు. గుర్తుపట్టాడు. చిరునవ్వుతో, మైకులో, ఎంతో నెమ్మదిగా అన్నాడు. "ఏమ్మా, మొన్న గురువారం మా ఇంటికొచ్చి, మా ఆయన మాటలు పట్టించుకోకండి, అదంతా ఆయన సరదా అని చెప్పింది నువ్వే కదమ్మా?"

హాలు గొల్లుమంది. ఆ నవ్వుల మధ్య కోటయ్య మొదటిసారి తల తిప్పి ఆమెని చూశాడు. కోపంగా చూసినా బాగుండును. ఎవరో తెలియని మనిషిని చూసినట్టు చూశాడు. 'కూర్చో సారా' అని చెయ్యి పట్టుకోను కూడా లేదు.

"చెప్పానండి!" సారా గొంతు కీచుమంది. "నేనే చెప్పా. తెలీక చెప్పా. ఇప్పుడు చూశాగా! మళ్లీ వెయ్యండి. అన్నం పెట్టేది మళ్లీ వెయ్యండి. వన్స్ మోర్!"

తెనాలి జనానికి ఆ మాట వినపడితే ఆగరు. నాటకాల్లో పద్యానికి అలా అరవడం అలవాటైన గొంతులు. ముందు ఎవరో ఒకరు అందుకున్నారు, తర్వాత హాలంతా అందుకుంది. వన్స్ మోర్! వన్స్ మోర్! కావేరి స్టేజీ వంక చూసింది, బసవేశ్వరరావు చెయ్యి అడ్డంగా ఊపాడు, ఆమె చూడనట్టు క్యాసెట్టు వెనక్కి తిప్పేసింది.

మళ్లీ నట్టిల్లు. మళ్లీ ముద్ద. మళ్లీ డబ్బా వంగింది. ఈసారి వెనక వరసల్లో ఎవరూ నవ్వలేదు. కాలు తట్టడం చూశారు. కోటయ్య పక్కన కూర్చుని భోజనాలు చేసినవాళ్లే అందరూ. డబ్బా ఇక లేస్తుందనగా వెనక మూడు వరసలూ కలిసి ఆమెన్ అన్నాయి. అందరికంటే గట్టిగా డేనియల్ మాస్టారి గొంతు వినపడింది.

అప్పుడు ముందు వరస నుంచి, చక్రాల కుర్చీలోంచి, వణికే గొంతు అడిగింది. "ఒరే బసవా, మన హనుమంతు అన్నానికి దణ్ణమెప్పుడు పెట్టాడ్రా?"

"ఇంటికెళ్లాక చెప్తాలేమ్మా" అన్నాడు బసవేశ్వరరావు. మైకు చేతిలోనే ఉందని మర్చిపోయాడు. అందరికీ వినపడింది. హనుమంతరావు ఒళ్లో శాలువా మడత పెట్టుకుంటూ తలెత్తలేదు.

*

సాయంత్రం రేపల్లె రైల్లో చర్చి జనం కోటయ్య చుట్టూ మూగారు. భుజం తట్టారు. ఫోటోలు తీశారు. అతను అందరికీ తలూపాడు. కాసేపటికి వాళ్లే అటూ ఇటూ సర్దుకున్నారు. కిటికీ దగ్గర ఎదురెదురుగా ఇద్దరూ మిగిలారు. రైలు జంపని స్టేషను దాటింది. చేలు ఎండకి పచ్చగా మెరుస్తున్నాయి.

"లైనింగు గుడ్డకన్నావ్" అన్నాడు కోటయ్య.

"అబద్ధం చెప్పా."

"పెళ్లైనప్పట్నించీ నమ్మలేదా?"

"లేదు."

"ఒక్కసారి కూడా?"

"లేదయ్యా. ఒక్కసారి కూడా నమ్మలేదు." సారా కళ్లు తుడుచుకోలేదు, దాచుకోనూ లేదు.

"మరెందుకే అన్నిసార్లు విన్నావ్?"

"నువ్వు చెప్తుంటే బాగుండేది."

కోటయ్య కిటికీ వైపు తిరిగాడు. గంజి చొక్కా నలిగిపోయింది. సారానే అంది. "ఇప్పుడు చెప్పు."

"నిజమని తేలిపోయాక ఇంకేం బాగుంటుందే."

"బాగుండకపోయినా చెప్పు. లోపల నువ్వని ఎవరికి తెలుసు?"

ఎప్పుడూ దాటేసే మాట. ఈసారి దాటెయ్యలేదు.

"బసవేశ్వరరావుకి తెలుసు, యలమందకి తెలుసు. హనుమంతరావు సూర్యలంక ఎండలో సొమ్మసిల్లి పడిపోయాడు, ఇక నావల్ల కాదన్నాడు. అతనికి వదులైన ఆ డబ్బా నాకు సరిగ్గా పట్టింది. ఎవరికీ చెప్పొద్దు, నోరు విప్పొద్దు, ఇంట్లో మా అమ్మకి హనుమంతేనని చెప్తా అన్నాడు బసవేశ్వరరావు. గొడ్ల చావిట్లో డబ్బా తొడిగేవాళ్లు. తొడిగాక వాకిట్లోంచి నడిచి, ముందు మెట్లెక్కి, నట్టింట్లోకి వెళ్లేవాణ్ణి."

"తర్వాత?"

"తర్వాత నువ్వు చూశావుగా. ముద్దలు పెట్టింది. కెమెరా ఆగినా పెడతానే ఉంది. హనుమంతూ, పప్పులో ఉప్పు సరిపోయిందా నాయనా అనడిగింది. మాట్లాడకూడదుగా. డబ్బాలో తల ఊపినా బయటికి తెలీదు."

రైలు ఏదో చిన్న స్టేషన్లో ఆగింది. ఎవరూ ఎక్కలేదు. మళ్లీ కదిలింది.

"షూటింగైపోయాక చావిట్లోకెళ్లి డబ్బా ఇప్పేసి బయటికొచ్చా. గొడ్లకి కుడితి పోయించడానికి ఆవిడే అటొచ్చింది. నన్ను చూసి, ఎవర్రా నువ్వు, లైట్లోడివా, అన్నం తిన్నావా అంది. ఏం చెప్పాలి? లేదన్నా. విస్తరాకులో తెచ్చి, గోడ మీద పెట్టి, ఎడంగా జరిగి నిలబడింది. అదే అన్నం, అదే పప్పు."

"తిన్నావా?"

"తిన్నా. తినేసి, పప్పులో ఉప్పు సరిపోయిందండీ అని చెప్పా. నేనేం చెప్తన్నానో ఆవిడకి అర్థం కాలేదు."